ఓడిపోయే యమభటులు: తెలుగు పురాణకావ్యాల్లో నరకభయం, ప్రేమ

వ్యాససంగ్రహం:
మనిషిని మంచివైపు నడిపించేది నరకభయమా, ప్రేమా అన్న ప్రశ్నను భక్తిసాహిత్య విమర్శ తరచుగా ఒక పరిణామకథగా చెబుతుంది. పురాణం భయపెట్టిందనీ, భక్తకవి ప్రేమించడం నేర్పాడనీ ఆ కథ. ఏర్చూరి సింగన అజామిళోపాఖ్యానం, శ్రీనాథుని గుణనిధి కథ, తెనాలి రామకృష్ణుని నిగమశర్మోపాఖ్యానాలను వరుసగా చదివితే ఈ నిర్ణయం నిలవదు. ఈ కథల్లో భయపెట్టినా పాపి మారడు, ప్రేమతో చెప్పినా మారడు. పాల్కురికి సోమనాథుని ముగ్ధభక్తుల కథలను, పోతన ప్రహ్లాదచరిత్రను వీటి పక్కన పెట్టి, అసలు భేదం భయానికీ ప్రేమకూ మధ్య ఉన్నదా, మరోచోట ఉన్నదా అని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నరకభయం, భక్తి, అజామిళుడు, గుణనిధి, నిగమశర్మ, ముగ్ధభక్తి, ప్రహ్లాదుడు.

1. ఉపోద్ఘాతం

తెలుగు ఇళ్లలో గరుడపురాణాన్ని సాధారణంగా ఎవరైనా మరణించినప్పుడే చదివించుకొంటారు. మిగిలిన రోజుల్లో ఆ గ్రంథం ఇంట్లో ఉండరాదని నమ్మేవారు నేటికీ ఉన్నారు. వైతరణి, యమపురికి పోయే దారి, పాపానికొక శిక్ష చొప్పున సాగే ఆ వర్ణనలను వినేవారు పాపం చేసి పట్టుబడ్డవారు కారు. తల్లినో తండ్రినో పోగొట్టుకొని నాలుగు రోజులుగా కంటికి కునుకు లేనివారు. ఆ వర్ణన వారిలో పాపభీతిని కలిగిస్తుందో లేదో గాని, పోయిన మనిషి ఆ దారిలో ఏ అవస్థ పడుతున్నాడో అన్న దిగులును మాత్రం తప్పక కలిగిస్తుంది. ఆ దిగులు వెంటనే గోదానం, శయ్యాదానం ప్రస్తావనకు వస్తాయి. అంటే నరకవర్ణన విని వణికేది శిక్ష పడవలసినవాడు కాదు, అతణ్ణి ప్రేమించినవాడు. ఈ చిన్న విషయం మీద మనసు నిలిపితే, భయం ఒకవైపు, ప్రేమ మరొకవైపు అని గీత గీసే అలవాటు కొంత సడలుతుంది.

ఆ అలవాటు మన విమర్శలో బలంగానే ఉంది. కర్మకాండ భయాన్ని ఆధారం చేసుకొన్నదనీ, భక్తి ఉద్యమం దాన్ని ప్రేమతో తొలగించిందనీ పాఠ్యగ్రంథాల్లో రాస్తాం, తరగతిలో చెబుతాం. నారదభక్తిసూత్రాలు భక్తిని పరమప్రేమ రూపమని నిర్వచించాయి గనుక ఈ మాటకు శాస్త్రబలం ఉన్నట్టే కనిపిస్తుంది. కాని నిర్వచనం వేరు, కథ వేరు. కథలో ఎవరు ఎవరిని ప్రేమించారు, ఎవరు దేనికి భయపడ్డారు, ఎవరు ఎప్పుడు మారారు అన్నవి చూడకుండా తీర్పు చెప్పలేం. తెలుగులో ఈ పరీక్షకు అనువైన కథలు ఒక గుంపుగా ఉన్నాయి. పాపి మరణిస్తాడు లేదా మరణానికి దగ్గరవుతాడు, యమభటులు వస్తారు, హరిదూతలో, శివదూతలో అడ్డుపడతారు, వాదం జరుగుతుంది, యమభటులు ఓడిపోతారు.

2. ఏనుగు స్నానం

తెలుగు భాగవతంలో అజామిళుని కథ చెప్పినవాడు పోతన కాదు. షష్ఠస్కంధం ఏర్చూరి సింగన రచన. దానికి ముందున్న పంచమస్కంధం గంగన రచన. ఈ సంగతి సాహిత్యచరిత్ర తెలిసినవారందరికీ తెలుసు. అయినా ఉపన్యాసాల్లో అజామిళుడు పోతన ఖాతాలోనే పడుతుంటాడు. కథ ఏ సందర్భంలో వచ్చిందో కూడా అలాగే మరుగున పడుతుంది.

పంచమస్కంధం నరకాల పట్టికతో ముగుస్తుంది. సంస్కృత మూలంలో 21 చెప్పి, మరో 7 కలిపి, మొత్తం 28 నరకాలను శుకుడు వివరిస్తాడు. వింటున్న పరీక్షిత్తు ఏడు రోజుల్లో చావు ఖాయమైనవాడు. నరకవర్ణనకు ఇంతకన్న తగిన శ్రోత ఉండడు. భయం పనిచేయాలంటే ఇక్కడే పనిచేయాలి. అయితే అతడు వణకడు, ప్రశ్నిస్తాడు. మనిషి ఈ నరకాలను తప్పించుకొనేది ఎలా అంటాడు. శుకుడు ప్రాయశ్చిత్తం చేసుకోవాలని చెబితే పరీక్షిత్తు దాన్ని అంగీకరించడు. పాపానికి శిక్ష ఉందని మనిషి కంటితో చూస్తాడు, చెవితో వింటాడు, అయినా చేసిన పాపమే మళ్లీ చేస్తాడు. అలాంటప్పుడు ప్రాయశ్చిత్తం ఏనుగు స్నానం వంటిదే కదా అని అతని ఆక్షేపణ. నీళ్లలోంచి లేచిన ఏనుగు వెంటనే ఒంటి మీద దుమ్ము చల్లుకొంటుంది.

భయబోధకు మన సాహిత్యంలో ఇంత సూటి విమర్శ మరొకటి అరుదు. నరకం లేదని పరీక్షిత్తు అనలేదు. భయం తెలివికి తాకుతుంది గాని అలవాటుకు తాకదని మాత్రమే అన్నాడు. శుకుడు ఈ ఆక్షేపణను ఒప్పుకొంటాడు. కర్మను కర్మ వేరుతో పెకలించలేదనీ, భక్తి మాత్రం సూర్యుడు మంచును కరిగించినట్లు పాపాన్ని కరిగిస్తుందనీ చెబుతాడు. అజామిళుని కథ ఈ మాటకు ఉదాహరణగా వస్తుంది.

ఇక్కడే చిక్కు. ఉదాహరణ సిద్ధాంతానికి సరిపోదు. అజామిళుడు కన్యాకుబ్జపు బ్రాహ్మణుడు. తండ్రి పనుపున సమిధలకు, పూలకు అడవికి పోయి, అక్కడ చూసిన ఒక స్త్రీ మీద మోహపడి, భార్యను విడిచి ఆమెతోనే ఉండిపోయాడు. దొంగతనం, జూదం, మోసం అతని జీవనం. 88 ఏళ్లు గడిచాయి. పదిమంది కొడుకుల్లో చిన్నవాడి పేరు నారాయణుడు. వాడంటే ముసలివాడికి పంచప్రాణాలు. చావు ముంగిట ముగ్గురు యమభటులు పాశాలతో కనిపించగానే, దూరాన ఆడుకొంటున్న ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి కేకవేశాడు. ఆ కేకలో భయం ఉంది, ప్రేమ ఉంది. భయం యమభటులను చూసి, ప్రేమ కొడుకు మీద. రెండింటిలో ఏదీ దేవుణ్ణి ఉద్దేశించింది కాదు.

హరిదూతల వాదాన్ని ఈ దృష్టితో చదవాలి. వేదం విధించింది ధర్మం, నిషేధించింది అధర్మం, ప్రతి పనికీ సూర్యుడు, అగ్ని, గాలి, పగలు, రాత్రి సాక్షులు అని యమభటులు తమ పక్షం చెప్పుకొంటారు. చట్టం దృష్టిలో ఆ వాదానికి లోటు లేదు. హరిదూతలు మొదట ఒక నైతికప్రశ్న వేస్తారు: ప్రజలకు తండ్రివంటివారై శాసించవలసినవారే దండించరానివాణ్ణి దండిస్తే ఆ ప్రజలు ఎవరి శరణు కోరాలి? ఈ ప్రశ్నలో ప్రేమ ఛాయ ఉంది. తర్వాత వారు ఎత్తుకొన్న ఉపమానాలు మాత్రం మందు, నిప్పు. గుణం తెలియక మింగినా మందు పనిచేస్తుంది; తెలిసి ముట్టించినా తెలియక ముట్టించినా నిప్పు కట్టెను కాలుస్తుంది; నామమూ అంతే అంటారు. ఇది వస్తుశక్తివాదం. మందుకు రోగి ప్రేమతో పనిలేదు. భయాన్ని ఓడించింది ప్రేమ అని మనం చెప్పుకొంటున్నచోట గ్రంథం చెబుతున్నది పదార్థశక్తిని గురించి.

అయితే కథ అక్కడ ఆగలేదు. అజామిళుడు ఆ క్షణంలో చావడు, వైకుంఠానికీ పోడు. పాశాలు ఊడాయి, ఇరుపక్షాలూ వెళ్లిపోయాయి. తన గురించి ఇద్దరు వాదించుకోవడం అతడు పడుకొనే విన్నాడు. ఆ తర్వాతనే తల్లిదండ్రులను, విడిచిన భార్యను తలచుకొని కుమిలిపోతాడు. ఇల్లు విడిచి గంగాద్వారానికి పోయి సాధన చేసి, ఆపై దేహం చాలిస్తాడు. భయం చుట్టుముట్టినప్పుడు అతడు మారలేదు. మారింది భయం తొలగిపోయాక, మిగిలిన ఆయువులో. ఆ ఆయువే లేకపోతే ఈ ఉపాఖ్యానం నామమాహాత్మ్య ప్రచారంగా మిగిలేది. నామం ఉందన్న ధైర్యంతో పాపానికి తెగించడం నామాపరాధాల్లో ఒకటని పద్మపురాణం ప్రత్యేకించి చెప్పవలసి వచ్చింది. వస్తుశక్తివాదం ఎక్కడికి దారితీస్తుందో సంప్రదాయానికి ముందే తెలుసని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

3. ఉంగరం, వత్తి

శ్రీనాథుడు కాశీఖండంలో చెప్పిన గుణనిధి కథలో ఇల్లు పెద్ద పాత్ర వహిస్తుంది. కాంపిల్యనగరంలో యజ్ఞదత్తుడు దీక్షితుడు, నిష్ఠాపరుడు. కొడుకు జూదరి. తండ్రి అడిగిన ప్రతిసారీ తల్లి ఏదో ఒక సాకు చెప్పి కొడుకును కప్పిపుచ్చుతుంది. ఒకనాడు తన ఉంగరం ఒక జూదరి వేలికి ఉండడం చూసిన తండ్రికి సంగతంతా తెలిసిపోతుంది. అతడు ఇంటికి వచ్చి భార్యను నిలదీస్తాడు. ఆ మాట చెవిన పడ్డ గుణనిధి ఊరు విడిచి పారిపోతాడు.

ఈ ఇంట్లో ప్రేమా ఉంది, భయమూ ఉంది. రెండూ కొడుకును చెడగొట్టినవే. తల్లి ప్రేమ అబద్ధమై అతనికి మరుగునిచ్చింది, తండ్రి భయం అతణ్ణి గడప దాటించింది. శ్రీనాథుడు వీరిద్దరిలో ఎవరినీ దుర్మార్గులుగా చిత్రించలేదు. సంసారం ఎరిగిన కవి గనుక, మంచివారి ప్రేమ, మంచివారి కోపం కలిసి ఒక పిల్లవాణ్ణి ఎలా పోగొట్టుకొంటాయో ఉన్నది ఉన్నట్టు చూపాడు. తర్వాతి అద్భుతం కన్న ఈ గృహచిత్రమే నాకు కథలో గొప్పదిగా తోస్తుంది.

పారిపోయినవాడు ఆకలితో అలమటిస్తూ శివరాత్రినాడు శివాలయం చేరతాడు. భక్తులు నిద్రపోయాక నైవేద్యం దొంగిలించబోతాడు. దీపం కొండెక్కుతుంటే, గిన్నెలు కనిపించడం కోసం తన బట్ట కొంగు చింపి వత్తి చేసి వెలిగిస్తాడు. బయటికి పోతూ నిద్రిస్తున్న ఒకరిని కాలితో తాకి, కావలివారి చేతుల్లో ప్రాణం పోగొట్టుకొంటాడు. ఉపవాసం, జాగరణ, దీపదానం మూడూ జరిగాయని శివదూతలు వాదించి యమభటులను వెనక్కి పంపుతారు. ఉపవాసం తిండి దొరకక జరిగింది, జాగరణ దొంగతనానికి, దీపం తిండి కనిపించడానికి. అజామిళుని కేకలో కనీసం కొడుకు మీద ప్రేమ ఉంది. ఇక్కడ ఆకలి తప్ప మరేమీ లేదు. శివరాత్రి మాహాత్మ్యంలోని సుకుమారుని కథలో శ్రీనాథుడు ఈ అసంగతిని ఇంకా సాగదీశాడు.

గుణనిధి మరుజన్మలో కళింగాన దముడనే రాజవుతాడు, ఆ తర్వాత కుబేరుడవుతాడు. దముని కథను శివపురాణం రుద్రసంహితలో చూసినప్పుడు ఒక విషయం ఆశ్చర్యపరుస్తుంది. గ్రామాధికారులు తమ పరిధిలోని ప్రతి శివాలయంలో దీపం వెలిగించాలని దముడు ఆజ్ఞ ఇస్తాడు. వెలిగించనివారి తల తీయిస్తానంటాడు. ఆ భయంతో ప్రతి ఆలయంలోనూ దీపాలు వెలిగాయని పురాణం చెబుతుంది. నరకభయం నుంచి నిష్కారణంగా విడుదలైనవాడు రాజు కాగానే చేసిన మొదటి పని భయాన్ని శాసనం చేయడం. తాను తెలియక చేసిన పనిని ఇతరులచేత తెలిసి చేయించడానికి అతనికి తోచిన ఉపాయం అదొక్కటే. పురాణం దీన్ని పుణ్యంగానే లెక్కిస్తుంది, వ్యంగ్యంగా కాదు. అనుగ్రహం పొందినవాడు అనుగ్రహించేవాడు కానక్కరలేదన్న చేదు నిజం కథకుని ఉద్దేశంతో నిమిత్తం లేకుండానే ఇక్కడ బయటపడింది.

4. అక్క మాట

పాండురంగమాహాత్మ్యంలోని నిగమశర్మోపాఖ్యానం ఈ గుంపులో ఉత్తమ కావ్యం. కారణం నిగమశర్మ కాదు, అతని అక్క. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆమె మీదనే ప్రత్యేకంగా వ్యాసం రాసి, పేరైనా లేని ఆ పాత్రను తెలుగు పాఠకుల మనసుల్లో నిలిపారు. ఆయన చూపినది పాత్రచిత్రణలోని సహజత్వం. ప్రస్తుత ప్రశ్నకు కావలసింది ఆమె బోధనాపద్ధతి, అది పొందిన ఫలితం.

తమ్ముడు చెడిపోయాడని తెలిసి ఆమె పుట్టింటికి వస్తుంది. రాగానే ఉపన్యాసం మొదలుపెట్టదు. తమ్ముణ్ణి దగ్గరకు తీసి, తలంటి, కడుపునిండా అన్నం పెట్టి, ఆ తర్వాతనే మాట ఎత్తుతుంది. ఆమె మాటల బరువంతా వంశగౌరవం, ముసలి తల్లిదండ్రులు, పడుచు భార్య, చదివిన చదువు మీద పడుతుంది. నరకం ఆమెకు ప్రధానాయుధం కాదు. ప్రేమతో బోధించడం అంటే ఇదే. బోధనాశాస్త్రం ఇంతకన్న మంచి నమూనా చూపలేదు. నిగమశర్మ విన్నట్టే కనిపిస్తాడు. కొన్నాళ్లు బుద్ధిగా ఉంటాడు. ఒక రాత్రి ఇంట్లోని నగలన్నీ మూటగట్టుకొని పోతాడు. తెల్లవారి ఇల్లంతా గొల్లుమంటుంది. అక్క తన ముక్కర కోసం ఏడుస్తుంది.

ఆ ముక్కర ప్రస్తావనను హాస్యమని నవ్వి వదిలేయడం సులువు. తమ్ముడి కోసం వచ్చిన మనిషి నగ కోసం ఏడ్చేసరికి ఆమె ప్రేమ తక్కువదని తేల్చడం కూడా సులువే. రామకృష్ణుడు ఆ రెండు సౌకర్యాలనూ మనకు మిగల్చలేదని నా అభిప్రాయం. ఆమె ప్రేమ నిజమైనదే; ఆమె మామూలు మనిషి కూడా. మామూలు మనిషి నిజమైన ప్రేమతో చెప్పినా పాపి మారకపోవచ్చునని కవి ఒప్పుకొన్నాడు. భయబోధ విఫలమైన కథలు మన సాహిత్యంలో కోకొల్లలు. ప్రేమబోధ విఫలమైన కథను ఇంత వివరంగా, బోధించినవారిని తక్కువ చేయకుండా చెప్పినది ఇదొక్కటేనేమో.

నిగమశర్మ అటుపిమ్మట ఎన్నో దారులు తిరిగి, చివరికి నృసింహ క్షేత్రంలో ప్రాణం విడుస్తాడు. క్షేత్రమహిమ చూపి విష్ణుదూతలు యమభటులను గెలుస్తారు. నామం, తిథి, క్షేత్రం మూడింటి పనీ ఒకటే. శ్రీవైష్ణవంలోని నిర్హేతుక కృపావాదంతో ఈ కథలకు సమర్థన చెప్పవచ్చు: ప్రేమ పాపిలో లేదు, దేవునిలో ఉంది, కారణం వెతుక్కొనే కృప కృప కాదు. ఈ సమర్థన తత్త్వపరంగా గట్టిదే. కాని మనిషి ఎందుకు మంచిగా ఉండాలి అన్న బోధకుని ప్రశ్నకు అది జవాబు కాదు. ఎలా ఉన్నా కృప రావచ్చునన్నది దాని సారాంశం.

ఒక విషయం ఇక్కడే చెప్పి ముందుకు పోవాలి. ఈ వాదాలు విన్న తరాలకు యమభటుడు క్రమంగా ఓడిపోయే పాత్రగా అలవాటయ్యాడు. 'దేవాంతకుడు' (1960), 'యమగోల' (1977), 'యముడికి మొగుడు' (1988), 'యమలీల' (1994), 'యమదొంగ' (2007) వరకు తెలుగు సినిమా యమలోకాన్ని నవ్వులపాలు చేస్తూనే ఉంది. ప్రేక్షకుడు దాన్ని దైవదూషణగా భావించలేదు. ఆ నవ్వుకు మూలం నాస్తికత్వంలో కన్న ఈ పురాణవాదాల్లోనే వెతకడం సబబు.

5. నరకం ఊసెత్తని కథలు

భక్తుని వైపు ప్రేమ నిజంగా కనిపించేది మరో రకం కథల్లో. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో చెప్పిన ముగ్ధభక్తులకు నరకంతో పనిలేదు. గొడగూచి చిన్నపిల్ల. ఊరికి పోతూ తండ్రి అప్పగించిన పని మేరకు గుడికి పాలు తీసుకొనిపోయి, శివుడు తాగలేదని ఏడుస్తుంది, బతిమాలుతుంది, తల పగలగొట్టుకోబోతుంది. పాలు అలాగే తిరిగి తీసుకొనిపోతే ఇంట్లో ఏమంటారో అన్న భయం ఆమెకు ఉంది. బెజ్జమహాదేవి శివునికి తల్లి లేదని గ్రహించి, తల్లి ఉంటే విషం తాగనిచ్చేదా, బూడిద పూసుకొని తిరగనిచ్చేదా అని వాపోయి తానే తల్లి అవుతుంది. ఆ బిడ్డకు గొంతు నొప్పి వచ్చినట్టు శివుడు నటిస్తే తల్లడిల్లిపోతుంది.

అంటే ప్రేమ ఉన్నచోట భయం లేకపోలేదు. బెజ్జమహాదేవి భయం ఉపోద్ఘాతంలో చెప్పుకొన్న ఆ కర్త భయం వంటిదే: తన ప్రాణం గురించి కాదు, తనవారికి ఏమవుతుందోనని. అజామిళుడు కొడుకును పిలిచింది కొడుక్కి ఏమవుతుందోనని కాదు, తనకు ఏమవుతుందోనని. కనుక పరీక్షించవలసిన గీత భయానికీ ప్రేమకూ మధ్య కన్న, తన కోసం పడే భయానికీ ఎదుటివారి కోసం పడే భయానికీ మధ్య ఉంది. నిగమశర్మ అక్క తమ్ముడిలో లేపాలని చూసింది ఈ రెండో భయాన్నే. ముసలి తల్లిదండ్రులను, భార్యను అందుకే గుర్తుచేసింది. అతనిలో అది లేవలేదు.

సోమనాథుణ్ణి ఇంతటితో వదిలిపెట్టడం నిజాయితీ కాదు. అదే బసవపురాణంలో సిరియాలుడు జంగమునికి విందు చేయడం కోసం కన్నకొడుకును కోసి వండుతాడు. అతనిలో నరకభయం లేశమైనా లేదు, ఉన్నదంతా శివుని మీది ప్రేమే. బాలుడు చివరికి బతికివస్తాడు గాని, అది కథకుని చేతిలో ఉన్న వరం. పరమతస్థుల తలలు తెగే ఘట్టాలు కూడా ఆ ప్రేమ పేరనే సాగుతాయి. భయానికి బదులు ప్రేమను పెడితే మతబోధ దానంతటదే మృదువవుతుందన్న నమ్మకానికి ఈ గ్రంథం గట్టి ఆక్షేపణ. ప్రేమ దేవుని ఒక్కడి మీదనే నిలిచి, పక్కనున్న పిల్లవాడికి ఏమవుతుందోనన్న భయాన్ని చంపేస్తే, అది యమపాశం కన్న మంచిదని చెప్పలేం.

6. ప్రహ్లాదుడు అడగనిది

భాగవతం సప్తమస్కంధం మొదట్లో నారదుడు ధర్మరాజుకు ఒక పట్టిక చెబుతాడు. గోపికలు కామం వల్ల, కంసుడు భయం వల్ల, శిశుపాలాదులు ద్వేషం వల్ల, యాదవులు చుట్టరికం వల్ల, పాండవులు స్నేహం వల్ల, తాము భక్తి వల్ల హరిని చేరామంటాడు. పోతన దీన్ని చక్కగా తెలుగు చేశాడు. భయం కూడా మార్గమేనని దీన్ని ఉదాహరించేవారు ఒక భేదాన్ని గమనించరు. కంసుడు భయపడ్డది నరకానికి కాదు, ఒక వ్యక్తికి. తింటున్నా, తిరుగుతున్నా, పడుకొన్నా అతనికి కృష్ణుడే కనిపించాడు. నరకభయం దేవుణ్ణి గుర్తుచేయదు. తన ఒంటినే గుర్తుచేస్తుంది.

అదే స్కంధంలో హిరణ్యకశిపుడు కొడుక్కి ఏర్పాటు చేసిన చదువు పూర్తిగా భయవిద్య. చండామార్కుల బెదిరింపులు, విషం, ఏనుగులు, పాములు ఏవీ పనిచేయలేదు. నృసింహుడు ప్రత్యక్షమయ్యాక దేవతలే దగ్గరకు రావడానికి జంకితే, పిల్లవాడు ఆ భయంకరరూపానికి వెరవనంటాడు. వరం కోరుకోమంటే, యజమాని నుంచి లాభం ఆశించేవాడు సేవకుడు కాదు, వర్తకుడని అభ్యంతరం చెబుతాడు. స్వర్గాశా, నరకభయమూ ఈ ఒక్క అభ్యంతరంలో కలిసి కొట్టుకొనిపోతాయి. రెండూ బేరమే గనుక. చివరికి అతడు కోరింది తండ్రి పాపం తొలగాలని. తనను చంపజూసినవాడి గతి ఏమవుతుందోనని అతని దిగులు.

దీనికి కొంచెం ముందు, నృసింహస్తుతిలో, ప్రహ్లాదుడు మరో మాట అంటాడు. మునులు ఎవరి ముక్తి కోసం వారు మౌనం పట్టి అడవులకు పోతారనీ, దిక్కులేని ఈ జనాన్ని విడిచి తానొక్కడూ ముక్తి పొందగోరననీ. గురువుల ఎదుట హరిభక్తిని గురించి అతడు చెప్పిన పద్యాలను తరగతుల్లో కంఠస్థం చేయిస్తాం, పోటీల్లో పాడిస్తాం. ఈ మాట అరుదుగా పాఠ్యాంశమవుతుంది. భక్తిని ప్రేమగా నిర్వచించే సిద్ధాంతవ్యాసాల్లో సైతం దీనికి దక్కిన చోటు తక్కువే. ప్రహ్లాదచరిత్ర మీద జరిగే పరిశోధనలు పోతన శైలి, అలంకారాలు, మూలంతో పోలిక దగ్గర ఆగకుండా, ఈ నిరాకరణ తెలుగు భక్తికవుల్లో ఎవరి చేతిలో కొనసాగింది, ఎవరి చేతిలో ఆగిపోయింది అన్న దిశగా సాగవలసి ఉంది. అజామిళుని, గుణనిధిని, నిగమశర్మను తప్పించిన దూతలు ఒక్కొక్కరినే తప్పించారు. ఆ దారిన రావలసిన మిగతావారిని గురించి యమభటులు అడగలేదు, హరిదూతలు చెప్పలేదు.